మూలుగ ఇచ్చిన చెల్లెల్ని మళ్ళీ ఎందుకు పిలుస్తారు?



ఒక ఇంట్లో అన్నగారికి రక్త కేన్సరు వచ్చిందనుకోండి. మందులకు లొంగలేదు. మూలుగ మార్పిడి చెయ్యాలన్నారు డాక్టర్లు. తోడబుట్టిన వాళ్ళందరికీ పరీక్షలు చేస్తే, అత్తవారింట్లో ఉన్న చెల్లెలిది సరిపోయింది. ఆ పిల్ల వచ్చింది, ఇచ్చింది, వెళ్ళింది. గండం గడిచిందని అందరూ దేవుడికి దణ్ణం పెట్టుకున్నారు. నెలా పదిహేను రోజులు తిరక్కుండా ఆస్పత్రి నుంచి మళ్ళీ కబురు: "చెల్లెలిగారిని ఒకసారి పంపండి, ఆమె రక్తం కావాలి" అని.

ఇలాంటి కబురు ఏ ఇంటికి వచ్చినా ముందు పుట్టే ప్రశ్న ఒకటే. "ఒకసారి ఇచ్చిందిగా, మళ్ళీ ఎందుకు?" అత్తగారు అడుగుతుంది, భర్త అడుగుతాడు, ఆ పిల్ల కూడా మనసులో అడుక్కుంటుంది. జవాబు తెలిస్తే ధైర్యంగా బయల్దేరుతుంది. తెలియకపోతే పెద్దల మధ్య మాటా మాటా పెరిగి, అక్కడ మంచం మీదున్న మనిషికి విలువైన రోజులు గడిచిపోతాయి. అంచేత ఈ పది నిమిషాల్లో ఆ జవాబే చెప్పుకుందాం.

ముందు మూలుగ సంగతి. మాంసం వండేవాళ్ళకు మూలుగ బొక్క తెలియంది కాదు. మన ఎముకల్లో కూడా ఆ మెత్తటి పదార్థం ఉంటుంది. మన ఒంట్లో నెత్తురు తయారయ్యే చోటు అదే. అందులో మూలకణాలని కొన్ని ఉంటాయి. ఎర్రకణాలు, తెల్లకణాలు, నెత్తురు గడ్డకట్టించే కణాలు అన్నీ వాటినుంచే పుడతాయి. రక్త కేన్సరులోనూ, తలసీమియా లాంటి పుట్టు జబ్బుల్లోనూ ఈ తయారీ చోటే చెడిపోతుంది. అప్పుడు బలమైన మందులతో, ఒక్కొక్కప్పుడు కిరణాలతో, చెడిన మూలుగను పూర్తిగా తుడిచేసి, మరొకరి మూలకణాలను నరం ద్వారా ఎక్కిస్తారు. ఆపరేషనేమీ ఉండదు, చూడ్డానికి రక్తం ఎక్కించినట్టే ఉంటుంది. ఆ కణాలు దారి వెతుక్కుంటూ పోయి ఎముకల్లో కుదురుకుంటాయి. కాచి చల్లార్చిన పాలల్లో చెంచాడు తోడు వేస్తే తెల్లారేసరికి గిన్నెడు పెరుగైనట్టు, ఆ కాసిని కణాలే రెండు నుంచి నాలుగు వారాల్లో కొత్త నెత్తురు పుట్టించడం మొదలెడతాయి.

తోడు మంచిదైతేనే పెరుగు తోడుకుంటుందని మనకు తెలుసు గదా. ఇక్కడా అంతే. ఇచ్చేవారి కణాల గుర్తులు, పుచ్చుకునేవారి గుర్తులు కలవాలి. ఒకే తల్లిదండ్రుల బిడ్డల్లో ఇవి పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. ఇంట్లో ఎవరూ కలవకపోతే, దాతల పేర్లు నమోదు చేసే సంస్థల్లో వెతుకుతారు. మద్రాసులో 2009లో మొదలైన 'దాత్రి' అటువంటిదే. సగం కలిసిన తల్లి, తండ్రి, బిడ్డల నుంచి తీసుకునే పద్ధతి కూడా ఇప్పుడు బాగా వాడుకలోకి వచ్చింది.

ఈ వైద్యానికి దారి వేసినవాడు అమెరికా డాక్టరు డొనాల్ థామస్. 1957లో మొదటి ప్రయత్నాలు ప్రకటించాడు. ఆ తొలి రోగులు దక్కలేదు. అయినా పట్టు వదలకుండా, తర్వాత సియాటిల్ నగరంలో దశాబ్దాలు కష్టపడి నిలబెట్టాడు. 1990లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. ఆయన వెనక ఆయన భార్య డాటీ ఉంది. పత్రికా రచన చదువుకుంటున్న ఆమె, భర్త వైద్యం చదవడానికి వెళ్తే తాను రక్తపరీక్షల శిక్షణ పొంది, జీవితమంతా ఆయన ప్రయోగశాలలో కలిసి పనిచేసింది. మూలుగ మార్పిడికి ఆయన్ని తండ్రి అంటే, ఆమెను తల్లి అని తోటివాళ్ళు పిలుచుకున్నారు. ఇంకో సంగతి. పుట్టుకతోనే రక్షణ శక్తి లేని ఒక పసివాడికి 1968లో మినియాపోలిస్‌లో డాక్టర్ రాబర్ట్ గుడ్ మూలుగ మార్పిడి చేసి బతికించారు. ఆ మూలుగ ఇచ్చింది వాడి అక్కే. మన దేశంలో బొంబాయి టాటా మెమోరియల్ ఆస్పత్రిలో 1983లోనూ, వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1986లోనూ ఈ వైద్యం మొదలైంది.

సరే, కొత్త నెత్తురు పుడుతోంది. మరి గండం ఎక్కడుంది? అది బయటినుంచి రావక్కర్లేదు. ఒంట్లోనే ఉంది.

చిన్నప్పుడు ఆటలమ్మ పోసిన మనిషికి, ఏ అరవయ్యో ఏటో నడుం చుట్టూ సర్పి లేవడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ సర్పి కొత్తగా అంటుకున్న జబ్బు కాదు. చిన్ననాటి ఆటలమ్మ పురుగే నరాల్లో దాక్కుని, ఒంట్లో కాపలా సడలగానే లేచి వచ్చిందన్నమాట. వైరస్‌లనే ఈ సూక్ష్మక్రిముల్లో ఇలా నిద్రపోయే జాతి ఒకటుంది. వాటిలో రెండింటి పేర్లు ఇవాళ గుర్తుపెట్టుకోండి. ఒకటి సైటోమెగలో వైరస్. పొడుగు పేరు కాబట్టి డాక్టర్లు సి.ఎం.వి. అంటారు. రెండోది ఎప్‌స్టీన్-బార్ వైరస్, ఇ.బి.వి. 1964లో లండనులో దీన్ని కనిపెట్టిన వారిలో ఆంథొనీ ఎప్‌స్టీన్‌తో పాటు ఈవాన్ బార్ అనే అమ్మాయి కూడా ఉంది. ఆమె పేరే ఆ వైరస్‌కు నిలిచింది.

మన దేశంలో పెద్దవాళ్ళలో నూటికి తొంభైమందికి పైగా సి.ఎం.వి. ఎప్పుడో సోకిపోయే ఉంటుంది. చాలామందికి పసితనంలోనే, ఎంగిలి ద్వారానో, తల్లిపాల ద్వారానో వస్తుంది. ఒక చిన్న జ్వరంలా వచ్చిపోతుంది, లేదా వచ్చిన సంగతే తెలియదు. ఆ తర్వాత జన్మంతా లోపల పడుకుని ఉంటుంది. దాన్ని లేవకుండా కూర్చోబెట్టేవి మన తెల్లకణాల్లో టి కణాలనే రకం. ఒకసారి చూసిన శత్రువు మొహం ఈ టి కణాలు మర్చిపోవు. వీధిలో ఒకసారి చేతివాటం చూపించిన మనిషిని మనం పదేళ్ళయినా గుర్తుపట్టమూ? అలాగే.

మార్పిడికి ముందు పాత మూలుగను తుడిచేశారని చెప్పాను గదా. ఆ తుడుపులో ఈ కాపలా కణాలు, వాటి జ్ఞాపకం, అన్నీ పోతాయి. కొత్త నెత్తుట్లో మామూలు తెల్లకణాలు నెలలోపే వచ్చినా, శత్రువును గుర్తుపట్టి పోరాడే టి కణాలు నిండుగా తయారవడానికి నెలలు పడుతుంది, ఒక్కొక్కప్పుడు ఏడాది రెండేళ్ళు కూడా. ఈ మధ్యకాలం కాపలాదారు లేని ఇల్లు. నిద్రపోతున్న సి.ఎం.వి. లేస్తుంది. ఊపిరితిత్తులకు పాకితే న్యుమోనియా, పేగులకు పాకితే విరోచనాలు. వెనకటి రోజుల్లో, సరైన మందులు రాకముందు, ఈ న్యుమోనియా వచ్చినవారిలో ఎక్కువమంది దక్కేవారు కారు. కేన్సరును జయించి, చిన్ననాటి జ్వరం చేతిలో ఓడిపోయేవాళ్ళన్నమాట.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. రోగికి మళ్ళీ జ్వరం రాగానే ఇంట్లో విచారణ మొదలవుతుంది. ఎవరు చూడ్డానికి వచ్చారు, ఎవరి చేతి నీళ్ళు తాగాడు, గిన్నెలు ఎవరు సరిగ్గా తోమలేదు అని. రాత్రింబవళ్ళు నిద్రలేక సేవ చేసిన భార్య మీదకో, కోడలి మీదకో నింద తోసేస్తారు. శుభ్రత ముఖ్యమే, కాదనను. కాని మార్పిడి తర్వాత లేచే సి.ఎం.వి. చాలావరకు ఆ మనిషి ఒంట్లోనే ఏళ్ళ తరబడి ఉన్నది. దాన్ని ఎవరూ తెచ్చి అంటించలేదు. ఆ ఇల్లాలి చేతిలో దోషం లేదు. ఈ సంగతి తెలిస్తే చాలా ఇళ్ళలో కన్నీళ్ళు తగ్గుతాయి.

మరి వైద్యం లేదా అంటే ఉంది. వారం వారం రక్తం తీసి, వైరస్ లేచిందేమో చూస్తారు. కనీసం మొదటి వంద రోజులు ఈ పరీక్ష తప్పదు. ఆరోగ్యంగా కనిపిస్తున్నాడు గదా, ఈ వారం మానేద్దాం అనుకోకూడదు. జబ్బు పైకి కనిపించక ముందే పట్టుకోవడమే ఆ పరీక్ష ప్రయోజనం. వైరస్ లేస్తే గాన్‌సైక్లోవిర్ అనే మందు ఇస్తారు. అది 1980ల చివర్లో వచ్చి ఎందరినో నిలబెట్టింది. అయితే అది కొత్తగా మొలకెత్తుతున్న మూలుగనే అణిచేస్తుంది. ఇంకో మందు, ఫాస్కార్నెట్, మూత్రపిండాలను బాధిస్తుంది. 2017లో లెటర్మోవిర్ అనే బిళ్ళ అమెరికాలో అనుమతి పొందింది. వైరస్ లేవకముందే అడ్డుకట్టగా ఇస్తారు, మూలుగకు చెరుపు చెయ్యదు. ఖరీదు మాత్రం సామాన్యం కాదు. ఎన్ని ఇచ్చినా మందు మందే. తాగుతున్నంత కాలం అదుపు, ఆపాక కాపలాకు మళ్ళీ టి కణాలే దిక్కు.

ఇదిగో, మన చెల్లెలు ఇక్కడ వస్తుంది.

ఆమెకూ చిన్నప్పుడు సి.ఎం.వి. సోకింది. ఆమె నెత్తుట్లో దాని మొహం గుర్తున్న టి కణాలు నిండుగా ఉన్నాయి. అన్న ఒంట్లో ఇప్పుడున్న మూలుగ ఆమెదే. కాబట్టి ఆమె టి కణాలు అక్కడ పరాయివి కావు, పుట్టింటి బంధువులే. ఆ కాపలా కణాలనే తీసి అన్నకు ఇస్తే? ఈ ఆలోచనను 1992లో సియాటిల్‌లో స్టాన్లీ రిడెల్, ఫిలిప్ గ్రీన్‌బర్గ్ అనే డాక్టర్లు, తోటివారితో కలిసి, ముగ్గురు రోగుల్లో చేసి చూపించారు. 1995లో పధ్నాలుగు మంది ఫలితం ప్రకటించారు. దాత టి కణాల్లో సి.ఎం.వి.ని చంపేవాటిని మాత్రం ఏరి, ప్రయోగశాలలో వారాల తరబడి పెంచి, వారానికొక మోతాదు చొప్పున నాలుగు మోతాదులు ఎక్కించారు. ఆ పధ్నాలుగు మందిలో ఒక్కరికీ సి.ఎం.వి. జబ్బు రాలేదు. మరో సంగతి కూడా బయటపడింది. చంపే కణాలకు వెన్నుదన్నుగా నిలిచే సహాయక టి కణాలు రోగి ఒంట్లో లేకపోతే, ఎక్కించిన కణాల బలం కొన్నాళ్ళకు తగ్గిపోయింది. పొయ్యి ముందు ఎంత పనిమంతురాలున్నా వెనక అందించే చెయ్యి లేకపోతే వంట సాగనట్టు.

"అంత కష్టపడి ఏరడం, పెంచడం దేనికి? చెల్లెలి తెల్లకణాలు మొత్తం ఎక్కించేస్తే పోలేదా?" అని మీరడగొచ్చు. అదీ చేశారు. 1994లో న్యూయార్కులో, మార్పిడి తర్వాత ఇ.బి.వి. వల్ల కంతులు లేచిన అయిదుగురికి దాత తెల్లకణాలు ఉన్నవి ఉన్నట్టు ఎక్కించారు. కొద్ది వారాల్లోనే అయిదుగురికీ కంతులు కరిగిపోయాయి. చూసినవాళ్ళు ఆశ్చర్యపోయారు. కాని ఆ తెల్లకణాల్లో వైరస్‌ను గుర్తుపట్టేవి కొన్నే. మిగతా వాటిలో కొన్ని, రోగి చర్మాన్నీ, కాలేయాన్నీ, పేగులనే పరాయివని ఎంచి వాటి మీద తిరగబడతాయి. కాపలాకు పిలిచిన మనిషి ఇంటివాళ్ళనే కొట్టినట్టు. ఈ తిరుగుబాటు ముదిరితే ప్రాణం మీదకే వస్తుంది. ఆ భయంతోనే మార్పిడి సమయంలో టి కణాలను తీసేసే పద్ధతులున్నాయి. తీసేస్తే వైరస్‌లకు తలుపు తెరిచినట్టు, ఉంచేస్తే తిరుగుబాటు భయం. కత్తికి రెండువైపులా పదును.

అందుకే ఏరడం అవసరమైంది. బియ్యంలో పడ్డ గుండుసూదుల్ని చేత్తో ఏరలేం గాని, అయస్కాంతం పెడితే వాటంతటవే అంటుకుంటాయి. ఇప్పుడు చేస్తున్నది దాదాపు అదే. దాత తెల్లకణాలకు వైరస్ తాలూకు చిన్న ముక్కలను చూపిస్తారు. ఆ ముక్క గుర్తున్న టి కణాలు మాత్రం ఉలిక్కిపడి ఒక రసాయనాన్ని వదుల్తాయి. అలా ఉలిక్కిపడ్డ వాటికి సన్నటి అయస్కాంతపు పూసలు తగిలించి, మిగతా వాటినుంచి విడదీస్తారు. వెనక వారాలు పట్టిన పని ఒకటి రెండు రోజుల్లో అవుతుంది.

ఇ.బి.వి. విషయంలో ఎక్కువ పని చేసినవారిలో క్లియోనా రూనీ, హెలెన్ హెస్లాప్ అనే ఇద్దరు మహిళలున్నారు. మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ పిల్లల ఆస్పత్రిలో మొదలెట్టి తర్వాత హ్యూస్టనుకు మారారు. వాళ్ళ బృందం ఎక్కించే కణాల్లో కొన్నింటికి ఒక గుర్తు పెట్టింది, మన రజకుడు బట్టలకు గుర్తు పెట్టినట్టు. ఆ గుర్తు ఉన్న కణాలు తొమ్మిదేళ్ళ తర్వాత కూడా రోగుల ఒంట్లో కనిపించాయి. 2010లో ప్రకటించిన లెక్క ప్రకారం, ముందు జాగ్రత్తగా ఈ కణాలు పుచ్చుకున్న 101 మందిలో ఒక్కరికీ ఇ.బి.వి. కంతులు రాలేదు. అప్పటికే కంతులున్న 13 మందిలో 11 మందికి పూర్తిగా కరిగాయి. చెల్లెలు ఇచ్చిన కాసిన్ని కణాలు ఏళ్ళ తరబడి కాపలా కాస్తాయంటే, పసుపు కుంకుమల కింద ఇచ్చే ఏ సొమ్ము దీనికి సాటి వస్తుంది చెప్పండి!

దాత అందుబాటులో లేకపోతే? లేదా దాతకే ఆ వైరస్ ఎన్నడూ సోకకపోతే? సోకని మనిషి టి కణాలకు దాని జ్ఞాపకం ఉండదు. అంచేత రోగికి సి.ఎం.వి. ఉన్నప్పుడు, సోకిన దాతే మేలని డాక్టర్లు చూస్తారు. ఏ జబ్బూ ఎరగని దాతే మంచిదని మనం అనుకుంటాం గాని, ఇక్కడ అనుభవమున్న నెత్తురుకే విలువ. పుట్టిన బిడ్డ బొడ్డుతాడు రక్తంతో చేసే మార్పిడిలో వైరస్‌ల బెడద ఎక్కువ కావడానికి ఒక కారణం అదే. పసిగుడ్డు నెత్తుట్లో జ్ఞాపకాలు ఇంకా లేవు.

ఇలాంటి చోట్ల, బయటి ఆరోగ్యవంతుల టి కణాలను ముందే తయారుచేసి, అతిశీతలంలో దాచి, రోగికి వీలైనంత సరిపోయే సీసాను ఇచ్చే పద్ధతి వచ్చింది. ఇ.బి.వి. కంతులకు అటువంటి మందు ఒకటి, టాబెలెక్లూసెల్ అనేది, 2022 డిసెంబరులో యూరపులో అనుమతి పొందింది. అన్నీ గెలుపులే కావు. ఒకేసారి అనేక వైరస్‌ల మీద పనిచేసేలా తయారుచేసిన మరొక దాని మీద పెద్ద పరీక్షలు, ప్రయోజనం రుజువయ్యేలా లేదని 2023 డిసెంబరులో ఆపేశారు. అందుకని ఎవరైనా "కణాల ఇంజక్షనుతో గ్యారంటీ" అని చెబితే నమ్మకండి. ఈ ఏరిన కణాల వైద్యం అన్ని ఆస్పత్రుల్లోనూ దొరికేది కాదు. ఎక్కువగా పెద్ద కేంద్రాల్లో, మందులు పనిచెయ్యనప్పుడు ఆలోచించేది. మీ డాక్టరునే అడగండి.

ఇప్పుడు మళ్ళీ పిలుపు వచ్చిన చెల్లెలికి నాలుగు మాటలు. అమ్మా, చాలాసార్లు మొదటిసారి ఇచ్చిన దానిలోనే కొంత దాచి ఉంచుతారు, అలా లేకపోతేనే పిలుస్తారు. ఈసారి మూలుగ తియ్యరు. ఒక చేతినుంచి రక్తం యంత్రంలోకి పోయి, తెల్లకణాలు అక్కడ విడిపోయి, మిగతాది నీ ఒంట్లోకే తిరిగి వస్తుంది. కొన్ని గంటలు కూర్చోవాలి. మొదటిసారి మూలకణాలు పెరగడానికి చేసే, ఒళ్ళు నొప్పులు తెచ్చే సూదులు దీనికి అక్కర్లేదు. నువ్విచ్చిన మూలుగ కొద్ది వారాల్లోనే నీకు తిరిగి ఊరింది. ఈ టి కణాలూ ఊరతాయి. మూలుగ ఇస్తే పిల్లలు పుట్టరన్నది ఉత్త మాట. గర్భంతో ఉంటే మాత్రం ముందే చెప్పు. ఇవ్వాలా వద్దా అన్నది నీ ఇష్టం. భయమేదైనా ఉంటే డాక్టరుతో విడిగా మాట్లాడే హక్కు నీకుంది.

రోగిని ఇంటికి తెచ్చుకున్న ఇల్లాలికి కూడా. జ్వరం తగిలితే రాత్రైనా సరే ఆస్పత్రికి ఫోను చెయ్యండి, తెల్లారనివ్వకండి. ఊపిరి ఆడకపోయినా, విరోచనాలు పట్టినా, కంటిచూపు మసకైనా అంతే. కాచి చల్లార్చిన నీళ్ళు, వేడివేడిగా ఉడికిన తిండి పెట్టండి. పచ్చి కూరలు, కోసి నిలవ ఉంచిన పళ్ళు వద్దు. జలుబు, ఆటలమ్మ ఉన్నవాళ్ళను ఎంత దగ్గర చుట్టమైనా గుమ్మం దగ్గరే ఆపండి. వాళ్ళు కోపగించుకుంటే ఆ కోపం భరించవచ్చు. పాత జ్ఞాపకాలతో పాటు చిన్ననాటి టీకాల బలం కూడా పోతుంది కాబట్టి, డాక్టరు చెప్పిన వేళకు టీకాలన్నీ పసిపిల్లలకు మల్లే మళ్ళీ వేయించాలి. తట్టు టీకా వంటి సజీవ టీకాలు మాత్రం మామూలుగా రెండేళ్ళు నిండితే గాని వెయ్యరు. ఇంట్లో మిగతావాళ్ళు ఏ టీకాలు వేయించుకోవాలో కూడా అడిగి తెలుసుకోండి.

మూలుగ మార్పిడి ఒక్కరోజు దానంతో తీరే పని కాదు. ఇచ్చినవారి నెత్తురు, పుచ్చుకున్నవారి ఒళ్ళు కలిసి కాపురం నేర్చుకోవడానికి ఏడాది రెండేళ్ళు పడుతుంది. కొత్తకాపురంలో పుట్టింటివాళ్ళు ఒకసారి కాకపోతే రెండుసార్లు వచ్చి చూసిపోవడంలో తప్పేముంది?